పసుపు టోపీలు

"మీ తెలివిని ఈ మ్యూజియంలోనే అద్దాల పెట్టెలో పెట్టించాలండీ."

"ఏం? మన నలుగురు పిల్లలకీ పసుపు టోపీలు పెడితే ఎంత దూరం నుంచైనా కనబడతారనేగా!"

"కనబడుతున్నారుగా, మెట్ల నిండా!"

ఏదో బడి పిల్లలు విహారయాత్రకు వచ్చారు. అందరి నెత్తినా పసుపు టోపీలే. ఆవిడ తన పెద్దపిల్లలు ముగ్గుర్నీ కొంగుకు కట్టేసినట్టు దగ్గర పెట్టుకుంది.

"చిన్నది నా దగ్గరే ఉందిలే. చెయ్యి వదల్లేదు."

"ఆ టోపీ తీసి చూడండి."

తీశాడు. ఎవరి పిల్లాడో పళ్లికిలించాడు.

"అమ్మో! మరి మనది?"

"అదిగో, వాళ్ల టీచరమ్మ వెంట బస్సెక్కేస్తోంది. వీణ్ణిచ్చేసి దాన్ని తెచ్చుకోండి, పరుగెత్తండి!"

ఆయన రొప్పుతూ చిన్నదాన్ని చంకనేసుకొచ్చాడు.

"తప్పు నాదేనే."

"కాస్త గట్టిగా చెప్పండి, పిల్లలకు వినబడలేదు."

"తప్పు నాదేనర్రా!"