సకినం కొరికే పన్ను

లేదు డాక్టరమ్మా, ఆ బ్రిడ్జి మాట మాత్రం ఎత్తకున్రి. ఊడింది ఒక్క పన్ను. దానికోసం అటు ఇటు ఉన్న మంచి పండ్లను అరగదీస్తరా? అవేం పాపం చేసినయి?

తీసి పెట్టుకునేదా? వద్దు. మా ఆఫీసుల లక్ష్మయ్య సారు పెట్టించుకున్నడు. యూనివర్సిటీ క్యాంటీన్ల గట్టిగ తుమ్మిండు. పన్ను పోయి ఎదుటోని చాయల పడ్డది. ఆ ఎదుటోన్ని నేనే.

ఇగ మిగిలింది స్క్రూ బిగించేది. బిగించున్రి, కాదంటలేను. కానీ ఒక్కటి చెప్పున్రి, దానితోని సకినం కొరకొచ్చునా?

నవ్వకున్రి. నిజంగనే అడుగుతున్న.

ఊడిన పన్నా? ఏడికెల్లి తెస్త? మింగిన.

జర మెల్లగ మాట్లాడున్రి, మా ఇంటామె వనజ బయటనే కూసున్నది. క్యాంపస్‌ల వాకింగుకు పోయి జారిపడ్డ అని చెప్పిన ఆమెకు. అప్పటిసంది తార్నాక చౌరస్తాల నన్ను చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిస్తున్నది, అందరి ముందట. గిట్లున్నది నా ఇజ్జత్.

అసలు సంగతేందంటే, ఆమె కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పినంక వేళ్లు వంగలే. సకినానికి వేళ్లే కదమ్మా కావాల్సింది. పిండిని పురి తిప్పుకుంట బట్ట మీద చుట్లు చుట్టాలె. మొన్న పట్టుబట్టి మళ్ల మొదటిసారి చేసింది. పురి పడలే. లావుగ, రాయి లెక్క అయినయి.

లాలాగూడ నుంచి వచ్చిన మా అరుంధతి వదిన ఒకటి కొరికి, "ఏంది వనజా, మా రైల్వే వర్క్‌షాపు బేరింగులా ఇవి?" అన్నది. వనజ పళ్లెం వెనక్కి తీసుకోబోయింది.

నేను గుంజుకున్న. "మస్తుగున్నయి" అనుకుంట కరకర నమిలిన. రెండోది కొరికేసరికి నా ముందుపన్ను టక్కుమన్నది. అందరు నన్నే చూస్తున్నరు, ఏం చెయ్యాలె? పన్నుతో సహా మింగి మూతి మూసుకున్న. "మా దివాకర్‌కు ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది, తక్కువ మాట్లాడుతున్నడు" అని వదిన మురిసింది. తెల్లారి వాకింగుకు పోయివచ్చి జారిపడ్డ అన్న.

ఏమన్నరు? ఏది పెట్టినా ముందు పంటితోని గట్టిది కొరకొద్దా?

అయితే ఏదీ వద్దు. సందు సందు లెక్కనే ఉండనియ్యున్రి. ఆదివారం మళ్ల చేస్త అంటున్నది. పక్క పండ్లు ఇంక ఉన్నయి గదా నాకు.

ఆమెను పిలిచి మీరే చెప్పున్రి, సారుకు కాళ్లల్ల బలం లేదు, వాకింగు బందు పెట్టమని. నేనేం అనుకోను.

ఇగో, జేబుల ఒకటి తెచ్చిన. తినకున్రి, చూస్తే చాలు. లోపలి చుట్లు వంకరనే, ఒప్పుకుంట. ఈ బయటి చుట్టు చూడున్రి. గీడికొచ్చేసరికి పురి పడ్డది.