పట్టీ లేని రైక

పట్టీ వద్దని మొన్ననే సెప్పి పోయినా గదా భాగ్యా! మళ్ళీ పట్టీ ఏసి కుట్టి పెట్టినావే! ఏందీ, అలవాటుగా సెయ్యి పోయిందా? నీ సెయ్యికేం, అలవాటే. నా ఒంటికి గదా సావు. ఆ పట్టీ విప్పుమ్మా. కూర్చుంటాలే, నాకేం తొందర లేదు.

ఆ పక్క గాదు, ఈ పక్కకు రా. కుడిపక్కకు. ఎడమపక్కకు ఎవురూ రాగూడదు. ఆ ఫ్యాను గూడ కొంచెం అటు తిప్పు. గాలి తగిలినా మండుతాది.

నవ్వుతావేమే? గాలి మండుతాదా అనా? నీకు రాగూడదు గానీ, వస్తే తెలుస్తాది.

ఇంగోసారి సెప్తా, విను. కింద పట్టీ వద్దు. వదులుగా ఉండాల, సంచి మాదిరి. కుట్లన్నీ బయటికి రావాల, లోపల నున్నగా ఉండాల. హుక్కులు కుడిపక్కకు పెట్టు. తిరగేసి తొడుక్కున్నట్ల ఉంటాదా? ఉండనీ. సూసేవాళ్ళ కండ్లు మండితే మండనీ, నా మంట తగ్గితే సాలు.

ఏందీ? మామ వచ్చి పట్టీ ఏసి కుట్టమన్నాడా? ఆఁ! అదీ సంగతి. నిన్ననా వచ్చింది? సూడు ఎట్లుందో! ఒళ్ళు నాది, రైక నాది, కొలత సెప్పేది నా మొగుడు.

ఆదివారం ఆదోనిలో మా ఆడబిడ్డ హులిగమ్మ మనమరాల్ని తొట్లెలో ఏస్తారు గదా. సుట్టాలందరూ వస్తారు. వాళ్ళ ముందర నేను సంచి ఏసుకోని తిరిగితే మీ మామకు తలవంపులంట. "మచ్చలు మానిపాయె గదా, ఇంగేం నొప్పి" అంటాడు. మచ్చయితే కండ్లకు అగుపడతాది. నొప్పిని ఎట్ల సూపించేది? తీసి గూట్లో పెట్టేదా?

నీకు మొదటి నుంచీ తెలీదు గదా. ఎండలు ముదురుతాండంగ వచ్చింది. ఈపున రెక్క ఎముక కింద సిన్న మంట. మగ్గంకాడ కూర్చోని కూర్చోని పట్టిందనుకున్నా. తెల్లారి సూస్తే బొబ్బలు. ఆడనుంచి సంక కిందికి తిరిగి, రొమ్ము కిందికి వచ్చింది. సరిగ్గా నువ్వు పట్టీ కుట్టే దారినే వచ్చింది పాడుది! నీ కత్తెర గూడ అంత సక్కగా పోదు.

సర్పి అన్నారు. పాము సుట్టుకుంటాది, తలా తోకా కలిస్తే మనిషి దక్కదు అన్నారు. నేను పుట్టకు పాలు పొయ్యలేదంట, అందుకే వచ్చిందంట. పాలు పొయ్యని మగోళ్ళు ఈ వీధిలో ఎంతమంది లేరు? వాళ్ళ నడుములన్నీ బాగనే ఉండాయి.

హులిగమ్మ పరిగెత్తుకోని వచ్చింది ఆదోని నుంచి. ప్రేమతోనే వచ్చింది, కాదన్ను. వచ్చి ఏం సేసింది? రోజూ పొద్దున్నే నూలు కండె నుంచి ఒక పోగు తెంపేది. నన్ను ఈపు తిప్పి కూర్చోబెట్టి తలకూ తోకకూ మధ్య ఎంత సోటుందో ఆ పోగుతో కొలిసేది. కొలిసి మీ మామకు పట్టి సూపించేది. ఇద్దరూ నిలబడి ఆ పోగును సూసేవాళ్ళు, గుడ్డ కొలత సరిపోయిందా లేదా అన్నట్ల. నేత ఇండ్లు గదా, మనకు అన్నీ కొలతలే!

ఆ తలకాడ ఎర్రమన్ను జాజు పూసినారు, తోకకాడ జాజు పూసినారు. కోసిగి నుంచి ఎవురో ముసలాయప్పను పిలిపిచ్చి మంత్రం ఏపిచ్చినారు. నేను ఏడుస్తాంటే, "పాము ఒళ్ళు కదులుతాది, ఏడవద్దు" అన్నాడు ఆ ముసలాయప్ప.

అంత కొలిసినోళ్ళు, ఆదోనికి పోయి డాక్టరుకు సూపిద్దామని ఒగరన్నా అన్నారా? బొబ్బలన్నీ ఎండినాంక తీసుకోని పోయినారు. డాక్టరమ్మ తలకాయ పట్టుకుంది. బొబ్బలు లేసిన మొదట్లోనే వచ్చింటే మాత్రలకు లొంగేదంట. ఇప్పుడు నరం సెడిపోయిందంట, తోలు మానినా నరం మానలేదంట.

ఇంగోటి సెప్పింది, విను. ఇది పామూ గాదు, ఏమీ గాదంట. సిన్నప్పుడు నాకు అమ్మోరు పోసింది గదా, ఆ యమ్మేనంట. అప్పుడు పోలేదంట. నరం లోపల దాక్కోని ఉండిపోయిందంట, ఇన్నేండ్లూ నోరు మూసుకోని. ఒంట్లో సత్తువ తగ్గినాంక బయటికి వచ్చిందంట.

నాకు నవ్వొచ్చింది భాగ్యా, ఆ నొప్పిలో గూడ. అన్నేండ్లు నోరు మూసుకోని కూర్చుందంటే ఆ యమ్మ గూడ మా ఇంటి కోడలే అనుకున్నా.

అప్పుడే డాక్టరమ్మ అడిగింది, నొప్పి పదికి ఎన్ని మార్కులు ఏస్తావమ్మా అని. నేను బడికి పోయిందే లేదు, మార్కులెట్ల ఏసేది? ఆలోచిస్తాండా. నేను నోరు తెరిసేలోపలే మీ మామ, "రెండు ఏసుకోండి మేడం" అన్నాడు. "తింటాది, తిరుగుతాది, ఏం పర్వాలేదు" అన్నాడు. ఆయమ్మ కండ్లద్దాలు దించి, "నొప్పి నీకా, ఆమెకా?" అనింది. ఆ ఒక్క మాటకే నాకు సగం తగ్గింది.

ఏం తగ్గిందిలే. తగ్గలేదు. ఇంటికొస్తే మళ్ళీ అదే.

పుట్టినప్పటి నుంచీ పోగుల మధ్యనే ఉండా. నూలు నాకు పగైతాదని ఎవురనుకున్నారు? మగ్గం మీంచి అప్పుడే కోసిన గుడ్డ, గంజి బిరుసు పోకుండ ఉంటాది సూడు, దాన్ని సూస్తేనే నాకు ఒళ్ళు జలదరించేది. సీర కొంగు తగిలితే వాత పెట్టినట్లుండేది. ఇంగ రైక యాడ తొడిగేది? తీసి పారేసినా. ఇంట్లోనే గదా, మెత్తబడిన పాత సీర సుట్టుకోని కూర్చున్నా.

అమ్మా, ఎంత గొడవ! ఇంటికి మనుషులు వస్తారు, నూలు తెచ్చేటోళ్ళు వస్తారు, రైక లేకుండ ఏంది అని. మా అత్త సచ్చేదాంక రైక తొడగలేదు, ఆయమ్మను ఎవురన్నా అడిగినారా? మీ మామ బనీను గూడ లేకుండ పొద్దుగూకులూ ఆ మగ్గం గుంతలో కూర్చోని నేస్తాడు. ఆయన రొమ్ము మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆయనకు తలవంపులు రావు! మా కోడలు సుమతి నయం. "ఉండనీలే మామా, గాలి ఆడనీ" అనింది. ఆ పిల్ల కాకుంటే నేను పిచ్చిదాన్నయి పోయేదాన్ని.

సెడ్డోడు గాదు మీ మామ. తాగడు. కొట్టడు. ఊరంతా అదే అంటాది. నేనూ అదే అంటా.

పొడుస్తాడు, అంతే.

తెలీదా నీకు? మగ్గంకాడ ఆయన గుంతలో కూర్చుంటాడు, నేను పక్కనే రాట్నం పెట్టుకోని కండెలు సుడతా. నా ఎడమపక్క ఆయనకు అందుతాది. కండె అయిపోతే ఏలితో ఒక పొడుపు. పోగు తెగితే ఒక పొడుపు. నీళ్ళు కావాలంటే ఒక పొడుపు. కోపమొస్తే ఏలు బదులు, పోగు అటూ ఇటూ తోసే నాడె మొన. అది కొట్టడం గాదంట, పిలవడం అంట. పెండ్లయినప్పటి నుంచీ నన్ను అట్లనే పిలిసినాడు. ఈడనే, ఈ పక్కటెముకల మీదనే. పాముకు సోటు సూపిచ్చింది ఎవురో మరి!

బొబ్బలు ఎండినాంక ఒగరోజు అలవాటుగా పొడిసినాడు. నేను అరిసిన అరుపు మీ ఇంటిదాంక రాలేదా? వీధి వీధంతా వచ్చి వాకిట్లో నిలబడింది. "ఏం సేసినావు తిక్కయ్యా?" అని ఆడోళ్ళందరూ ఆయన్నే అడిగినారు. "ఏలు తగిలింది, ఏలే" అని సూపుడువేలు పట్టుకోని అందరికీ సూపిచ్చినాడు పాపం. అప్పటి నుంచి ఏలు భయపడింది.

ఏలు పోతే ఎట్ల పిలవాల? మొదట గొంతు సవరించినాడు. నాడెతో మగ్గం కొయ్య మీద కొట్టినాడు. "ఏమే" అన్నాడు. "ఏమే" అంటే సుమతి పలికింది, నేనూ పలికినా. "నువ్వు గాదు, ఆమె" అన్నాడు. "మేయ్" అన్నాడు. మగ్గం మోతలో నాకు వినపడితే గదా!

ఒగనాడు కండె సుడతాండా. "సుంకులమ్మా!" అని ఎవురో పిలిసినారు. నేను వీధి దిక్కు సూసినా. ఎవురొచ్చినారబ్బా అని లేసి వాకిలిదాంక పోయినా. ఎవురూ లేరు. ఎనక్కి తిరిగితే మీ మామ గుంతలోంచి నన్నే సూస్తాండాడు, పలకలో తప్పు రాసిన పిల్లోడి మాదిరి. "నేనే పిలిసినా. కండె అయిపోయింది" అన్నాడు.

మా యమ్మ పోయినాంక ఆ పేరు ఎవురూ పిలిసింది లేదు భాగ్యా. తిక్కయ్య పెండ్లాన్ని, సాయినాథ్ వాళ్ళమ్మని, నీకు అత్తని. నా పేరు నాకే కొత్తగా ఉండింది.

ఇప్పుడు రోజూ పిలుస్తాడు. కండెకు సుంకులమ్మ, నీళ్ళకు సుంకులమ్మ. మొదట్లో నోట్లో మెతుకు అడ్డం పడినట్ల పిలిసేటోడు. ఇప్పుడు సాఫుగా వస్తాండాది.

ఏంది, అట్ల సూస్తాండావు?

టేపు... ఎప్పుడు పెట్టినావు ఆడ? ఎడమ రొమ్ము కిందనా? బిగిచ్చి పట్టినావే!

మాటల్లో పడి సూసుకోలేదు.

సర్లే. దొరికిపోయినా. ఆ తలుపు కొంచెం దగ్గరికెయ్యి.

డాక్టరమ్మ మాత్రలు పని సేస్తాండాయి. కొన్నాళ్ళాయె. పూర్తిగా పోలేదు, ఉత్తిదనుకోవద్దు. పొద్దుగూకితే సాలు, మిరప్పొడి పట్టిచ్చి రుద్దినట్ల వస్తాది, కూర్చోనీదు, పండుకోనీదు. అది ఎప్పటికి పోతాదో ఆయమ్మే సెప్పలేకపోయింది. అలిసిపోయినా. కానీ పగలు... గుడ్డ తగిలితే ఓర్సుకుంటా. నీ పట్టీ గూడ ఓర్సుకుంటానేమో.

ఇంట్లో సెప్పలేదు. సుమతికి గూడ సెప్పలేదు.

ఎందుకంటావా? పట్టీ రైక తొడుక్కోని తొట్లెకు పోయినాననుకో, నాకు బాగైందని లెక్క. బాగైతే సోమవారం పొద్దున మళ్ళీ ఏలు వస్తాది. ఏలు వస్తే పేరు పోతాది. వద్దని నోటితో సెప్పొచ్చు గదా అంటావా? పెండ్లయిన కొత్తలోనే సెప్పినా, "ఏలు తగిలితే అరిగిపోతావా" అన్నాడు. నా మాట వినలేదు, నా నొప్పి మాట విన్నాడు. ఏం సెయ్యాల?

అందుకే పట్టీ వద్దు. కుట్లు బయటికే ఉండనీ. అందరూ సూడనీ. మీ మామ అడిగితే, "మామా, టేపు పెడితేనే అత్త ఎగిరి పడింది" అని సెప్పు. సెప్తావు గదా? నువ్వూ మొగుడుండేదానివే, నీకు...

ఉండు. అదిగో. విన్నావా?

వీధిలోంచి మీ మామ, పేరు పెట్టి. నన్ను తీసుకోని పోను వచ్చినట్లుండాడు.

కూర్చోమే, లెయ్యొద్దు. పలకొద్దు. ఇంగోసారి పిలవనీ.