మోచేతి మేడమ్ గారి నడుము

ముప్పై ఒక్క సంవత్సరాల క్రితం, జూన్ పదవ తేదీ ఉదయం, మన ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఆమె బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆ విభాగమంటే ఒక గది, రెండు బల్లలు, తుప్పు పట్టిన కదలని సైకిలు. మొదటి వారంలోనే వార్డు సిబ్బందిని తలుపు దగ్గర నిలబెట్టి, ఒకతన్ని కీలు పక్కన వేలు పెట్టి తొయ్యమన్నారు. తలుపు కదలలేదు.

"ఏం నాయనా, పొద్దున తినలేదా?"

"తిన్నానమ్మా. తలుపే మొండికేసింది."

"తలుపుది కాదు తప్పు. నీ మోచేతి కండ కూడా ఇలాగే కీలు పక్కనే అతుక్కుని లాగుతుంది. అరచేతిలో కిలో పెడితే అది ఏడెనిమిది కిలోల లాగుడు లాగాలి. చేతులు చాచి వంగావా, నడుముదీ అదే గతి. రోగిని ఒంటికి హత్తుకుని ఎత్తు."

ఆనాటి నుంచి ఆమె అందరికీ మోచేతి మేడమ్.

అనంతరం విభాగాధిపతిగా ఎందరినో మంచం మీద నుంచి నడకకు తెచ్చారు. రోగులను ఎత్తే యంత్రం కావాలని ప్రతి ఏటా అడిగారు. "మీ చేతులుండగా యంత్రమెందుకమ్మా" అని నవ్విన పెద్దలు ఆమె పదవీ విరమణకు జరిగే నేటి సభలో ముందు వరుసలోనే ఉంటారు.

తొమ్మిదేళ్ల క్రితం పక్షవాతపు రోగి ఒకామె చక్రాల కుర్చీలోంచి ముందుకు జారింది. దగ్గరికి చేరే వ్యవధి లేదు. అందరికీ వద్దని చెప్పిన పనే మేడమ్ చేశారు. చేతులు చాచి పట్టుకున్నారు. రోగి తల నేలకు తగలలేదు. మేడమ్ వెన్నుపూస జారింది. ఆ రోగి ఈ వ్యాసం రాస్తున్నవాడి భార్య. మరో ఏడాది బతికింది.

యంత్రం గత నెల వచ్చింది. అట్టపెట్టె ఇంకా విప్పలేదు.

ఇటీవల మేడమ్ గారికి మనవరాలు కలిగింది. ఎత్తుకోవద్దని వైద్యులు ఖండితంగా చెప్పారు. మొన్న కూతురు పాపతో విభాగానికి వచ్చినప్పుడు, మేడమ్ చేతులు లేచి మధ్యలోనే ఆగాయి.

"కూర్చోమ్మా. నేనే తెస్తా."

"నువ్వూ చేతులు చాచకే. హత్తుకునే తే."

పాప ఆమె గుండెకు ఆని నిద్రపోయింది. బల్ల మీద రోగి పిలిచాడు. కుర్చీలోంచి లేవాలంటే పాపను తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చేశారు.

ఆ పాప తన కాళ్ల మీద నడిచి వచ్చి, ఎవరూ ఎత్తకుండా, తనంత తానే ఆ ఒడిలోకి ఎక్కే రోజును మేడమ్ గారు చూడాలి. ఆ తరువాత చాలా ఏళ్లు, నడుము నొప్పి ఎరగకుండా, ఆ ఒడి అలాగే ఉండాలి.