రేకు చెవులు

మార్కాపురం బస్టాండు ఎదుట సౌండ్ సర్వీస్ కొట్లో, తనకు పని నేర్పిన ముసలి మేస్త్రీ ఎదురుగా కూర్చున్నాడు ఇప్పటి యజమాని. బల్ల మీద మేస్త్రీ తన చేతులతో చేసిన గాజు వాల్వుల ఆంప్లిఫైయరు, దాని స్పీకరు, దానికి వైరుతో తగిలించిన ఫోను ఉన్నాయి.

“నువ్వు బాగుచేసిన సెట్లు గుయ్యిమంటున్నాయని పెద్దారవీడు నుంచి తిరిగొచ్చినాయి మేస్త్రీ.”

మేస్త్రీ అతని పెదవులకేసి చూస్తూ నవ్వాడు.

“ఆ గుయ్యి వాళ్ల చెవుల్లో ఉందిలే. వాల్వుల్లో నుంచి వస్తే ఫోన్ పాటకైనా పాణం వస్తాది.”

“నాకైతే ఏం తేడా తెలీదు.”

“నీకేం తెలుస్తాది? పనిలో చేరిన నాడే చెప్పినా గదరా, నీవి సొరం తెలీని రేకు చెవులని.”

ఇరవై ఏళ్లుగా గిరాకీల ముందర అంటున్న మాటే అది. యజమాని మనసులో మిగిలిన కాస్త జాలి కూడా దాంతో పోయింది.

“అయితే కళ్లు మూసుకొని ఇను. వాల్వులతో ఒకసారి, లేకుండా ఒకసారి పెడతా. ఏది ఏదో చెప్పు.”

“కళ్లెందుకు మూసుకోవాల? వాల్వులు ఎర్రగా వెలుగుతుంటే చూస్తా ఇంటేనే సుఖం.”

“అట్లనే కానీ. ఇదిగో, పెట్టినా.”

మేస్త్రీ వేళ్లు బల్ల మీద తాళం అందుకున్నాయి.

“ఆహా! ఇంటుండావా, ఆ గొంతు ఎంత మెత్తగా వస్తా ఉందో!”

చప్పుడు లేని స్పీకరు పక్కనుంచి యజమాని, ఆంప్లిఫైయరు నుంచి ఊడిన ఫోను వైరు కొస తెచ్చి ఆ వేళ్ల ముందు పెట్టాడు. వేళ్లు ఆగిపోయాయి.

“ఎప్పుడు పీకినావురా?”

“నువ్వు తాళం ఎయ్యకముందే.”