గొడుగు, తాళంచెవి, నిమ్మకాయ

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండో తేదీన మన ఆసుపత్రిలో మనస్తత్వ నిపుణులుగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మాస్టారిని గురించి రాయమని వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను కోరారు. ఆవరణలో మందుల కొట్టు నడుపుకొనే నన్నే ఎందుకు అడిగారంటే, ఆయన చేరిన నాటివాళ్ళలో ఇక్కడ మిగిలింది నేనొక్కడినే.

తొలినాళ్ళలో వారికి దక్కింది మెట్లకింద చెక్క అడ్డుగోడ కట్టిన చిన్న గది. మతిమరుపుతో వచ్చినవారికి ముందుగా “గొడుగు, తాళంచెవి, నిమ్మకాయ” అని చెప్పి, కాసేపు ఇంటి సంగతులు మాట్లాడి, ఆ మూడూ తిరిగి చెప్పమనేవారు. ఒక బొగ్గుల వ్యాపారి, “గొడుగు బస్సులో పోయింది, తాళంచెవి మా ఆవిడ కొంగున ఉంది, నిమ్మకాయ మీరే ఇప్పించాలి” అన్నాడట. అప్పటినుంచి మాస్టారికి ‘మూడు మాటల మాస్టారు’ అనే పేరు స్థిరపడింది. మాటలు మారిస్తే నిరుటి ఫలితంతో పోలిక కుదరదని ఆయన వాటిని ఏనాడూ మార్చలేదు.

జ్ఞాపకమంటే గోదామే కదా అని నేనొకసారి అన్నాను.

“కాదండీ. మీ గోదాములో పెట్టిన పెట్టె ఎప్పుడు తీసినా అదే పెట్టె. జ్ఞాపకాన్ని తీసిన ప్రతిసారీ అది కాస్త మారుతుంది.”

“మరి మరుపు? సరుకు పోయినట్టేనా?”

“ఒక్కోసారి సరుకు లోపలికే రాదు, గల్లా బల్లమీదనుంచే జారిపోతుంది. ఒక్కోసారి కొత్త సరుకు పాతదానికి అడ్డం పడుతుంది. ఒక్కోసారి అంతా ఉంటుంది, ఏ అరలో ఉందో తెలియదు.”

లాభనష్టాలు తప్ప ఎరగని నాకు, లోపలే ఉండి చేతికందని సరుకు ఏ పద్దుకిందికి వస్తుందో ఆనాడు బోధపడలేదు.

తరువాత ఆయన విభాగాధిపతి అయ్యారు, పెద్ద గదికి మారారు, ఎందరో యువ నిపుణులను తీర్చిదిద్దారు. మరచిపోయేవారిని కసురుకోకూడదని వేలాది కుటుంబాలకు ఓర్పుగా నచ్చజెప్పారు. ఈ గౌరవాలన్నిటి వెనుక, మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, లోపలి పరీక్ష ముగిసేదాకా బయటి బల్లమీద కూర్చునే వారి శ్రీమతి ఉన్నారు.

ఇకపై రాసేది మాస్టారి అనుమతితోనే రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఆవిడ, అంటే నేను వదినగారని పిలిచే ఆ ఇల్లాలు, పొయ్యి ఆర్పడమూ వీధి పేరూ మరచిపోవడం మొదలైంది. మాస్టారు ఇంట్లోనే పరీక్ష పెట్టారు. ఆమె మూడు మాటలూ తడుముకోకుండా చెప్పారు. నెలనెలా అడిగారు, నెలనెలా చెప్పారు. “భయం లేదండీ, వయసు మరుపే” అని ఆయన నా కొట్టు ముందు నిలబడి ఎంతో తేలికపడ్డారు. ఏడాదికి పైగా అలాగే గడిచింది.

ఒకనాడు సెలవుకు వచ్చిన కూతురు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ, “లోపల ఇంకెవరో ఉన్నారమ్మా, కూర్చో. పిలుస్తారు” అన్నారు.

కూతురు ఆ పూట అన్నం ముట్టలేదు. “నాన్నా, అమ్మ ఆ మాటలు మొదట చెక్కగోడ అవతల, తరువాత తలుపు బయట కూర్చుని ఇన్నేళ్ళూ విన్నది. కొత్తవి చెప్పి చూడు” అంది.

మాస్టారు కలువ, నిచ్చెన, సబ్బు అని చెప్పారు. కాసేపు ఆగి అడిగారు. ఆమె భర్త మొహంలోకి చూసి, బడిపిల్లలా సంతోషంగా, “గొడుగు, తాళంచెవి, నిమ్మకాయ” అన్నారు.

“ఊరందరి మరుపూ పట్టుకున్నాను, మా ఇంటి మరుపును నేనే దాచిపెట్టుకున్నాను” అని ఆయన నాతో అన్నప్పుడు, కడుతున్న మందుల పొట్లం పక్కన పెట్టి ఆయనకు కుర్చీ వేశాను.

మరో రెండేళ్ళు కొనసాగమని యాజమాన్యం ఎంత కోరినా మాస్టారు ఒప్పుకోలేదు. “ఆవిడకు ఇంకా నేను తెలుసు. ఉన్నన్నాళ్ళు దగ్గరుంటాను” అన్నారు. వ్యాపారిగా చెబుతున్నాను, ఇంతకంటే సరైన లెక్క నేను చూడలేదు. ఈ లెక్క చివర మిగిలేది నష్టమేనని తెలిసి కూడా ఆయన ఎదురెళ్తున్నారు.

మాస్టారూ, మీకూ వదినగారికీ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలని మా అందరి మనఃపూర్వకమైన కోరిక. ఏదో ఒకనాడు ఆవిడ మీ పేరు మరచి, మీ మొహం మరచి, ఆ మూడు మాటలే మీకు చెప్పవచ్చు. ఆవిడ ఇన్నేళ్ళు బయట కూర్చుని విన్నది మీ గొంతే. దయచేసి ఆనాడు జవాబు సరైనదనే రాసుకోండి.