సైకిలుకి చెరో పక్క

సుపేలాలో డాన్సు పోటీల ఇంగ్లీషు సినిమా చూసి, ఆ దంపతులు సాయంత్రం సెక్టర్ 6లోని స్టీలు ప్లాంటు క్వార్టర్‌కి నడిచి వస్తున్నారు. పంక్చరైన సైకిలు నడిపించుకుంటూ ఆయన ముందు, ఆవిడ వెనక.

“ఏటండీ, కాస్త మెల్లగా నడండి.”

“ముందర పంక్చర్ షాపున్నాది. అతికించీస్తే ఎక్కి కూచుందువుగాని.”

“సినిమాలో ఆయన ఇలాగే ముందుకెళ్లిపోతే, ఆ పిల్ల ఎవరితో ఆడేది? కప్పెలా వచ్చేది?”

“ఇప్పుడు నీకు కప్పు కావాలేటి?”

“కప్పూ వద్దు, గిప్పూ వద్దు. పెళ్లయిన కాడ్నించీ రోడ్డెక్కితే మీ వీపే చూస్తన్నాను. ఒక్కసారి మీ పక్కన నడవాలనుంది.”

“జనరల్ షిఫ్ట్ వదిలీశారు. మనోళ్లంతా ఇటే వస్తారు. పెళ్లాం కొంగట్టుకు తిరుగుతున్నాడని నవ్వుతారే. మా నాన్న ఎప్పుడైనా మా అమ్మని పక్కన నడిపించాడా?”

“మీ అమ్మ అడిగిందా?”

“అడగలేదు.”

“నేను అడుగుతన్నాను.”

“అదుగో, మా ఫోర్‌మేన్ వస్తన్నాడు.”

“సరే లెండి, వెనకే ఉంటాను.”

“ఆగు. ఇలా రా. ఆ పక్క హేండిలు పట్టుకో.”

“మీ ఫోర్‌మేన్ చూస్తాడండీ.”

“చూడనీ. గాలి లేని సైకిలు, ఒక్కడివల్ల అవడం లేదంటాను.”

“బాగుంది! నెలనెలా బియ్యం మూటలేసుకుని తొక్కుతారు, అదెలా అవుతుందేం?”

“నవ్వకు. అడుగు కలుపు.”

“కలిపాను. అదుగోండి పంక్చర్ షాపు, తీసే ఉన్నాది.”

“రేపు చూద్దాంలే. నడు.”