అద్దాల తలుపు వెనక పళ్లెం

“సూరత్ మొత్తంల కరోనాను కొట్టి ఎల్లగొట్టిన మొగోణ్ని నేనొక్కణ్నే. మొత్తం అంటే మొత్తం గాదనుకోండ్రి, మనముండే ఉన్ ఏరియా దాకనే. ఉన్ అంటే గూడ... మన గల్లీ వరకు అనుకోండ్రి.”

సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే సోమలింగం ఇలా మొదలుపెట్టేసరికి మా గదుల ముందరి గ్యాలరీలో అందరూ చాయ్ గ్లాసులతో సర్దుకొని కూర్చున్నారు. కరోనా రెండో ఏడు, దీపావళి ముందు. గోడలకు కొత్త సున్నం పడింది. మెట్లెక్కగానే ఎదురయ్యే గోడకు ఉన్నది ఒక్కటే మేకు. దానికి ఎవరి ఫ్రేము వేలాడాలో మా అందరికీ పెద్దదైన గంగవ్వ తేల్చాలి. పక్కగది శ్యాంసుందర్‌ది సర్టిఫికెటు. లాక్‌డౌన్‌లో కిచిడీ పంచినందుకు ‘కరోనా యోధుడు’ అని రాసి కాలనీవాళ్లు ఇచ్చింది, చుట్టూ బంగారు రంగు పట్టీ. సోమలింగందేమో పళ్లెం. అవును, అన్నం తినే స్టీలు పళ్లెమే. లోతైన చెక్కపెట్టె, లోపల ఎర్ర మఖ్మల్, ముందర అద్దం.

ఇంటికి ఎవరొచ్చినా సోమలింగం భార్య భాగ్యలక్ష్మి “శ్యాంసుందరన్న సర్టిఫికెటు చూసిన్రా?” అని తీసుకెళ్లి చూపిస్తుంది. ఏడాదిగా సోమలింగానికి కడుపులో మంట అదే.

“కాగితం ఎవడన్న ఇస్తడు. నాది పనిజేసిన పళ్లెం. ఆ జనతా కర్ఫ్యూ ఆదివారం సాయంత్రం అందరు బయటికొచ్చి పళ్లేలు కొట్టిన్రు గదా? మీరంత టింగు టింగుమని, పసిపోరనికి ఉగ్గు పెట్టినట్టు కొట్టిన్రు. నేను సాంచాల నడుమ పెరిగినోణ్ని, మెల్లగ కొట్టుడంటే ఏందో నాకెర్కనా? ఖటాఖట్ ఖటాఖట్, సాంచ తాళమే పట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడెక్కడో కడోదరాల ఉండే మా సేఠ్ ఉలిక్కిపడి లేచిండు. బందు వెట్టిన కార్ఖానా ఎవడు నడుపుతుండని కారేసుకొని ఉరికొచ్చిండు!”

“మాస్కు పెట్టుకున్నడా అల్లుడా?” అన్నాడు అతనికి వరుసకు మామయ్యే రాజలింగం.

“మాస్కేంది మామా, చెవులల్ల దూది పెట్టుకున్నడు! నేనిడుస్తనా? ఇంకింత కొట్టిన. చప్పుడు బార్డోలీ దాక పోయింది. చేన్లల్ల చెరుకు గడలు గడగడ వణికి వాటంతటవే రసం కార్చినయ్. మిల్లు బందున్నా చక్కెర తయారైంది.”

“ఓ కిలో తేకపోయినవ్?”

“బస్సులు బందు గదా మామా, లేకుంటే బస్తా తెద్దును. ఇగ ఆఖరుకు ఒక్క దెబ్బ ఏసిన సూడుండ్రి, గాలిలున్న కరోనా పురుగులు జలజల రాలినయ్. గల్లీ అంత ఆవాలు పోసినట్టే. భాగ్యలక్ష్మి చీపురువెట్టి ఊడ్చి చాటకెత్తింది. కావల్నంటే అడుగుండ్రి.”

చాయ్ వడకడుతున్న భాగ్యలక్ష్మి తల ఎత్తలేదు. “ఊడ్సుడు నాకు రోజు ఉన్నదే” అంది.

“గసొంటి పళ్లేన్ని గిన్నెల నడుమ బోర్లిస్తనా? ఫ్రేములాయన కాడికి తీస్కపోయిన. ‘ఫొటో ఏది?’ అన్నడు. ‘ఫొటో గాదు భాయ్, థాలీ’ అన్న. నన్ను సూసిండు, థాలీని సూసిండు. ‘ఇది తినేటందుకా, గోడకా?’ అన్నడు. ‘రెంటికీ’ అన్న. అందుకే అద్దాన్ని అల్మారి తలుపు లెక్క తెరుచుకునేటట్టు జేసి గొళ్లెం పెట్టిండు. బువ్వ యాళ్లకు తీసుడు, తినుడు, కడుగుడు, మళ్ల లోపట పెట్టుడు. శ్యాంసుందరన్న సర్టిఫికెట్ల బువ్వ తినొస్తదా? మీరే చెప్పుండ్రి!”

“రాదు తమ్మీ” అని శ్యాంసుందర్ నవ్వాడు.

ఆ నవ్వుతో సోమలింగానికి ఇంకా మండింది. “నా గదిల తగిలిస్తే గోడ ముందటికి వంగింది! ఫ్రేము బరువు గాదు, పళ్లెం పేరు బరువు. హజీరా నుంచి ఓడలకాడి క్రేను తెప్పిచ్చి గోడను నిలవెట్టిన. ఇప్పుడు ఎవడన్న తుమ్మితే చాలు, లోపట టన్నుమంటది. దవాఖాన డాక్టర్లు లైను గట్టిన్రు, ‘సోమలింగం భాయ్, టెస్టు కిట్లు అయిపోయినయ్, జర పళ్లెం ఇయ్యి’ అని...”

గంగవ్వ లేచింది. గొళ్లెం తీసి, పళ్లెం బయటికి లాగి, వెలుతురుకు పట్టుకొని అటూ ఇటూ తిప్పింది. అరచేత్తో నిమిరింది.

“దేనితోని కొట్టినవ్ రా?”

“ఇనుప అట్లకాడతోని.”

“గంతగనం కొడితే సొట్ట ఏది? నా పళ్లెం సూడు, ఆ పొద్దు కొట్టినకాడికెల్లి కింద పెడితే బొంగరం లెక్క తిరుగుతది. నీది పెండ్లిల ఇచ్చినట్టే ఉన్నది.”

సోమలింగం పళ్లెం అందుకోబోయాడు.

“నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?” అంది భాగ్యలక్ష్మి.

“కొట్టలే” అన్నాడు చివరికి. “ఆ పొద్దు నిద్రవోయిన.”

“మరి దీన్కి ఫ్రేమెందుకురా?”

“పనిజేసిన పళ్లెమే అవ్వా, అది అబద్ధం గాదు. లాక్‌డౌన్‌ల ఇంట్ల గింజ లేదు. శ్యాంసుందరన్న ముంగట పళ్లెం సాపుడు నాకు పానం ఒప్పలే. అందుకే భాగ్యలక్ష్మి చున్నీ మొఖానికి సుట్టుకొని, గిదే పళ్లెం పట్టుకొని, కిచిడీ కాడ ఆడోళ్ల లైన్ల నిలవడ్డ.”

శ్యాంసుందర్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. “ఎర్ర చున్నీ? ఏం మాట్లాడకపోయేది... ఆ పొడుగక్కనా?”

“నేనే అన్నా” అన్నాడు సోమలింగం నేలచూపులు చూస్తూ. “ఆ మేకు నీదే. మొదటి రోజు నువ్వు నా బొజ్జ సూసి, ‘పాపం వట్టి మనిషి గాదు, ఆ అక్కకు ఇంకో గంటె ఎయ్యుండ్రి’ అన్నవ్ సూడు... ఆ తెల్లారికెల్లి రోజూ పొట్టకు మెత్తదిండు కట్టుకొని వచ్చిన.”